ఎలక్ట్రీషియన్ పనికి దిగే ముందు కంటిని, చేతిని, ఒంటిని ఎలా సిద్ధం చేసుకోవాలి

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలో మా ఇంటికి ఎవరో ఒకరు పిల్లాణ్ని వెంటబెట్టుకుని వస్తారు. "అన్నా, వీణ్ని ఎలక్ట్రీషియన్ ట్రేడులో ఐటీఐ వేద్దామనుకుంటున్నాం. చేయగలడంటావా?" అని అడుగుతారు. మార్కుల సంగతి నేను అడగను. ఆ రోజు నాకు ఏ సైటు ఉంటే అక్కడికి వాణ్ని తీసుకెళ్తాను. నిచ్చెన ఎక్కమంటాను. నాలుగు వైరు ముక్కలిచ్చి స్కిన్, అంటే పైనున్న ప్లాస్టిక్ తోలు, తీయమంటాను. ముందే కరెంటు తీసేసి ఉంచిన ఓ బోర్డు చూపించి విప్పమంటాను. చెయ్యి వేసే ముందు "అన్నా, ఆఫ్ చేశారా?" అని అడిగాడంటే నాకు సగం ధైర్యం వస్తుంది. అడక్కుండా చెయ్యి పెట్టేశాడంటే ఆ రోజంతా వాణ్ని నా కళ్ల ముందే తిప్పుకుంటాను.

ఇరవై రెండేళ్లుగా ఇళ్ల వైరింగు చేస్తున్నాను. ఈ పనికి చదువు కావాలి, అందులో అనుమానం లేదు. కానీ క్లాసులో చెప్పనివి, ఒంటికి పట్టాల్సినవి కొన్ని ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం సాధనతో వచ్చేవే. సాధనతో రానివి ఏవో ముందే తెలిస్తే రెండేళ్ల కాలం, కట్టిన ఫీజు వృథా కాకుండా ఉంటాయి. అందుకని ఇంట్లోనే చేసి చూసుకోగలిగిన వాటితో మొదలుపెడుతున్నాను.

ముందు రంగులు

ఫీజు కట్టకముందే చేయాల్సిన మొదటి పని ఇది. మన ఇళ్లలో కరెంటు తెచ్చే మూడు ఫేజులకు ఎరుపు, పసుపు, నీలం, కరెంటు తిరిగి వెళ్లే న్యూట్రల్‌కు నలుపు, లీకైన కరెంటును భూమిలోకి పంపే ఎర్తుకు ఆకుపచ్చ వాడతాం. ఎరుపు అంటే ఫేజు, ఆకుపచ్చ అంటే ఎర్తు. సరిగ్గా ఈ రెండు రంగులే కొందరికి ఒకేలా కనిపిస్తాయి. పుట్టుకతో వచ్చే ఈ లోపం ఆడపిల్లల్లో కంటే మగపిల్లల్లో ఎక్కువ. చాలామందికి తమకది ఉందని పెద్దయ్యేదాకా తెలియదు.

ఎలక్ట్రికల్ షాపులో వైరు ముక్కలు అడిగితే ఊరికే ఇస్తారు. ఐదు రంగుల్లో ఒక్కో రంగువి పది ముక్కలు తెచ్చుకోండి. అన్నీ కలిపేసి, సాయంత్రం దీపాలు పెట్టే వేళ గదిలో లైటు వేయకుండా కూర్చుని వేరు చేయండి. పట్టపగలు ఎవరైనా చేస్తారు. మన పని మాత్రం అటక మీద, మీటరు బాక్సు వెనకాల, మెట్ల కింద చీకట్లో ఉంటుంది. ఎరుపు, ఆకుపచ్చ కుప్పల్లో ఒక్క ముక్క తారుమారైనా ప్రభుత్వాసుపత్రి కంటి విభాగానికి వెళ్లి ఇషిహారా పరీక్ష చేయించుకోండి. రంగు చుక్కల మధ్య దాగిన అంకెలు చదివిస్తారు, ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. లోపం ఉందని తేలితే లైన్‌మన్ ఉద్యోగం, మూడు ఫేజుల ప్యానెళ్ల పని మీద ఆశ పెట్టుకోకండి. ఫిట్టరు, ప్లంబరు లాంటి ట్రేడులు చూసుకోవడం మేలు. ఈ మాట చెప్పడానికి నాకూ కష్టంగానే ఉంటుంది. కానీ రంగు తప్పితే పోయేది ప్రాణం.

రంగులు బాగా కనిపించేవాళ్లకు కూడా ఒక మాట. రంగును నమ్మి చెయ్యి పెట్టకండి. ఆ రోజు చుట్టలో నల్ల వైరు అయిపోయిందని న్యూట్రల్‌కు కూడా ఎర్రదే లాగేసిన ఇళ్లు నేను బోలెడు చూశాను. పాత ఇళ్లలో వేడికి, దుమ్ముకు అన్నీ ఒకే మట్టి రంగులోకి వచ్చేస్తాయి. వైరు ఏదో రంగును బట్టి ఊహించండి. తేల్చుకోవడం మాత్రం టెస్టరుతోనే.

నలభై దాటాక పని నేర్చుకోవడానికి వచ్చేవాళ్లు దగ్గరి చూపు అద్దాలు పెట్టుకోవడానికి మొహమాటపడకండి. ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే తానే పడిపోయే స్విచ్చు) మీద 16 అని ఉందో 10 అని ఉందో చదవలేక అంచనాతో మార్చేవాళ్లున్నారు.

తలపైకి చేతులెత్తి పది నిమిషాలు

ఈ పనికి కండలు కావాలా అని అడుగుతుంటారు. సిమెంటు బస్తా మోసే బలం అక్కర్లేదు. రెండున్నర స్క్వేర్ (లోపలి రాగి మందం రెండున్నర చదరపు మిల్లీమీటర్లు) వైరు 90 మీటర్ల చుట్ట మూడు కిలోలకు అటూ ఇటూ ఉంటుంది, డ్రిల్ మెషీనూ అంతే. వీటిని ఎవరైనా మోస్తారు. కానీ చేతులు తల కంటే పైకెత్తి, మెడ వెనక్కి వంచి, స్టూలు మీద నిలబడి ఆ బరువును ఆపగలగాలి. అసలు కష్టం అక్కడ ఉంది.

సీలింగ్ ఫ్యాన్ తగిలించడమే తీసుకోండి. రెక్కలు లేకుండా మోటారు, రాడ్డు కలిపితే నాలుగు కిలోల దాకా ఉంటుంది. దాన్ని ఎడమ చేత్తో పైకెత్తి, రాడ్డు తలలోని రెండు చెవుల మధ్యకు స్లాబులోని కొక్కేన్నీ దాని మీది రబ్బరు చక్రాన్నీ రానివ్వాలి. కుడి చేత్తో బోల్టు అటు నుంచి ఇటు దూర్చాలి. మొదటిసారి ఆ రంధ్రాలు ఒక వరసలోకి రావు. చేతులు వణుకుతాయి, చెమట కంట్లోకి దిగుతుంది, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ ఉండదు. బోల్టు దూరాక నట్టు బిగించాలి. ఆ తర్వాత బోల్టు చివరి రంధ్రంలో స్ప్లిట్ పిన్ను వేసి, దాని రెండు కాళ్లూ చెరోవైపు వంచాలి. అప్పటికి చేతులు పడిపోయి ఉంటాయి కాబట్టి చాలామంది "నట్టు బిగుసుకుంది కదా" అని పిన్ను వదిలేస్తారు. ఫ్యాను తిరిగే అదురుకు నట్టు నెలల తరబడి కొంచెం కొంచెంగా వదులవుతుంది. దాన్ని ఆపేది ఆ పిన్నే. చేతుల్లో బలం అయిపోయాక కూడా పిన్ను వంచే ఓపిక మిగలాలి. సాధన చేయాల్సింది దానికోసం.

ఇంట్లో ఇలా చేయండి. ఎత్తు తక్కువ గట్టి స్టూలు మీద నిలబడి, ఎడమ చేత్తో రెండు కిలోల బియ్యం సంచి తలపైకి ఎత్తి పట్టుకోండి. కుడి చేత్తో, తలపైనే, ఒక బోల్టుకు నట్టు ఎక్కించి దించుతూ ఉండండి. మొదటి రోజు నిమిషం ఆగడమే గొప్ప. రోజూ చేస్తే నెల తిరిగేసరికి ఐదు నిమిషాలకు వస్తారు. అప్పుడు బరువు నాలుగు కిలోలు చేయండి. పక్కన ఒక మనిషి ఉండాలి. సైటులో కూడా ఫ్యాను ఎత్తేటప్పుడు కింద నుంచి ఒకరు మోటారు ఆపి పట్టుకోవాలని అడగడం తప్పు కాదు, అదే సరైన పద్ధతి.

నిచ్చెన, ఎత్తు

ఎత్తుకు భయం కొంత ఉండటం మంచిదే. తల తిరగడం వేరు, భయం వేరు. పదో మెట్టు మీద గుండె దడదడలాడితే అది వారం పది రోజుల్లో సర్దుకుంటుంది. కళ్లు బైర్లు కమ్మి కాళ్ల పట్టు సడలుతుంటే, లేదా మూర్ఛలు వచ్చిన చరిత్ర ఉంటే, డాక్టరును అడగకుండా ఈ పనికి రాకండి. ఆ విషయం మేస్త్రీ దగ్గర దాచకండి.

గోడకు ఆనించే నిచ్చెన నాలుగడుగుల ఎత్తుకు అడుగు చొప్పున కింద దూరం జరగాలి. పన్నెండు అడుగుల ఎత్తు ఎక్కాలంటే నిచ్చెన కాళ్లు గోడకు మూడడుగుల దూరంలో ఉండాలి. ఎక్కేటప్పుడు రెండు కాళ్లూ ఒక చెయ్యి, లేదా రెండు చేతులూ ఒక కాలు ఎప్పుడూ నిచ్చెన మీదే ఉండాలి. అంటే చేతిలో సామాను పట్టుకుని ఎక్కకూడదు, నడుముకు సంచి కట్టుకోవాలి. అల్యూమినియం నిచ్చెన తేలికని అందరూ కొంటున్నారు, కానీ కరెంటు పనికి అది వద్దు. చెక్కది గానీ ఫైబరుది గానీ వాడండి.

డిస్కంలలో, అంటే కరెంటు పంపిణీ సంస్థల్లో, జూనియర్ లైన్‌మన్ ఉద్యోగం మీద కన్ను ఉన్నవాళ్లకు ఈ భాగం ఇంకా ముఖ్యం. రెండు రాష్ట్రాల్లోనూ స్తంభం ఎక్కే పరీక్ష పెడతారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో సచివాలయాల ఎనర్జీ అసిస్టెంట్ల ఎంపికలో స్తంభం ఎక్కడంతో పాటు సైకిల్ తొక్కడం, మీటరు రీడింగ్ తీయడం కూడా పెట్టారు. అరచేతులతో స్తంభాన్ని పట్టి, పాదాల లోపలి అంచులతో అదుముకుంటూ ఎక్కాలి. బలమంతా తొడల్లోంచి రావాలి. చేతులతో లాక్కుంటే సగంలోనే అయిపోతుంది.

ఆడపిల్లల తల్లిదండ్రులు "మా అమ్మాయి చేయగలదా" అని అడిగితే బబ్బురి శిరీష గురించి చెప్తాను. సిద్దిపేట జిల్లా అమ్మాయి. ఆడవాళ్లకు ఆ పోస్టులు లేవంటే హైకోర్టుకు వెళ్లి అనుమతి తెచ్చుకుంది. స్తంభం పరీక్ష పాసై 2022లో తెలంగాణలో తొలి లైన్‌ఉమన్‌గా చేరింది. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లలో ఇద్దరు ఆడపిల్లలున్నారు. వాళ్లు బిగించిన బోర్డుల్లో లూజు కాంటాక్టు అని నన్ను మళ్లీ పిలిచినవాళ్లు లేరు.

మోకాళ్లు, నడుము, ఎండ

స్విచ్ బోర్డులన్నీ నిలబడితే అందే ఎత్తులో ఉండవు. టీవీ వెనక ప్లగ్గులు, మంచం పక్క పాయింట్లు, బోరు మోటారు స్టార్టరు, సంపు పక్కన జంక్షన్ బాక్సు, అన్నిటికీ కింద కూర్చోవాలి. గొంతుక్కూర్చుని ఇరవై నిమిషాలు పనిచేసి, చెయ్యి ఆనించకుండా లేవగలగాలి. ఈ కాలం పిల్లలకు కుర్చీలు అలవాటై ఇదే కష్టమవుతోంది. రోజూ అన్నం కింద కూర్చుని తినండి, కొంత దానంతట అదే వస్తుంది.

స్లాబు రోజు పని వేరు. సెంట్రింగు మీద ఇనుప చువ్వలు పరిచాక, కాంక్రీటు పోసే లోపు పైపులు, ఫ్యాను బాక్సులు వేసి కట్టేయాలి. చువ్వల మీద కాలు జారకుండా నడవాలి, నడుం వంచి బైండింగ్ వైరుతో పైపులు కట్టాలి, బాక్సుల్లోకి సిమెంటు పాలు దిగకుండా మూసేయాలి. ఎక్కడైనా పైపు నలిగితే ఆర్నెల్ల తర్వాత వైరు లాగేటప్పుడు తెలుస్తుంది. అప్పుడు స్లాబు పగలగొట్టడం తప్ప దారి ఉండదు. ఏప్రిల్, మే నెలల్లో ఆ చువ్వలు చెయ్యి పెట్టలేనంత కాలతాయి. పొద్దున్నే ఆరింటికి మొదలుపెట్టి పదకొండుకు దిగిపోండి. దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు తాగుతూ ఉండండి, మజ్జిగలో ఉప్పు వేసుకోండి.

ఎండ మాట వచ్చింది కాబట్టి చెమట సంగతి కూడా. పొడి చర్మం కరెంటును కొంత ఆపుతుంది. చెమటతో తడిసిన ఒళ్లు ఆపదు. చేతులు తడిగా ఉంటే మన ఒంటి నిరోధం వెయ్యి ఓమ్‌ల దాకా పడిపోవచ్చు. 230 వోల్టులను వెయ్యితో భాగిస్తే 230 మిల్లీ ఆంపియర్లు. గుండె లయ తప్పడానికి 100 మిల్లీ ఆంపియర్లు చాలు. బోర్డు దగ్గరికి వెళ్లే ముందు చేతులు తుడుచుకోవడానికి జేబులో ఓ పొడి గుడ్డ ఎప్పుడూ ఉండాలి.

వేళ్లు

నా దృష్టిలో ఎలక్ట్రీషియన్ పనితనం తెలిసేది ఇక్కడే, బోర్డు మూతపడ్డాక ఎవరికీ కనపడని చోట.

ఒకటిన్నర స్క్వేర్ వైరులో సన్నని రాగి పోగులు 22 ఉంటాయి, ఒక్కోటి 0.3 మిల్లీమీటర్లు. రెండున్నర స్క్వేర్‌లో 36. కటింగ్ ప్లేయరుతో స్కిన్ తీసేటప్పుడు పట్టు కాస్త ఎక్కువైతే ఐదారు పోగులు తెగి తోలుతో పాటు వచ్చేస్తాయి. ఒకటిన్నర స్క్వేర్‌లో ఐదు తెగితే ఆ చోట వైరు పావు వంతు సన్నబడినట్టే. పనిచేస్తుంది, లైటు వెలుగుతుంది. లోడు పెరిగినప్పుడు మాత్రం ఆ చోటే వేడెక్కుతుంది.

కాబట్టి రోజుకు యాభై ముక్కలు స్కిన్ తీయండి. ప్లేయరు దవడల మధ్య వైరు పెట్టి, తోలు మాత్రమే తెగేంత అదిమి, కొంచెం తిప్పి, బొటనవేలితో ప్లేయరును బయటికి నెట్టాలి. తీసిన ప్రతి ముక్కలో పోగులు విప్పి లెక్కపెట్టండి. 22కు 22 ఉన్నాయా? వారం పాటు లెక్కపెడితే ఎంత అదమాలో వేళ్లకే తెలిసిపోతుంది. స్ట్రిప్పరు ఉంటే పని తేలికే, కొనుక్కోండి కూడా. కానీ ఇరుకు బాక్సులో, వైరు రెండంగుళాలే బయటికి ఉన్నచోట స్ట్రిప్పరు పట్టదు, ప్లేయరే దిక్కు.

తర్వాత బిగింపు. పోగులన్నీ కుడివైపుకు మెలేసి, చివర మడిచి స్విచ్చు టెర్మినల్‌లోకి దూర్చండి. రాగి బయటికి కనపడకూడదు, అలాగని తోలు స్క్రూ కిందికి పోకూడదు. స్క్రూ బిగించాక వైరును రెండు వేళ్లతో పట్టి గట్టిగా లాగండి. వచ్చేస్తే మళ్లీ చేయండి. ఈ లాగి చూడటం ఒక్కసారి కూడా మానకండి. నల్లగా మాడిపోయిన పదహారు ఆంపియర్ల సాకెట్టు విప్పి చూస్తే పదింట తొమ్మిది సార్లు నాకు లోపల దొరికేది ఒకటే, వదులు స్క్రూ. వదులు చోట కరెంటుకు దారి ఇరుకవుతుంది, వేడి పుడుతుంది. వేడికి రాగి వ్యాకోచించి, చల్లారి మళ్లీ ముడుచుకుంటుంది. అలా స్క్రూ ఇంకా వదులవుతుంది. చివరికి ప్లాస్టిక్ కరుగుతుంది.

వేళ్లకు పట్టుబడాల్సిన ఇంకో పని గోడలోని పైపులోకి స్ప్రింగు వేసి, దానికి కట్టిన వైరు లాగడం. ఒక చివర ఒకరు లాగుతుంటే ఇంకో చివర ఇంకొకరు వైర్లు మెలిక పడకుండా అందించాలి. ఎక్కడో బెండులో పట్టేసినప్పుడు బలంగా లాగితే తోలు చీరుకుపోతుంది. "ఆగు, కొంచెం వెనక్కి, మళ్లీ లాగు" అని మాటలు కలుపుకుంటూ చేయాలి. లాగడం అయ్యాక, ఏ ఉపకరణం తగిలించకముందే తోలు కరెంటును ఎంత ఆపుతోందో చూపించే 500 వోల్టుల మెగ్గరుతో కొలవండి. కనీసం 1 మెగా ఓమ్ చూపించాలి. తోలు చీరితే అక్కడ బయటపడుతుంది.

ముక్కు, చెవి

వీటిని ఎవరూ పట్టించుకోరు. వేడెక్కిన స్విచ్చు నుంచి చేపలు మాడుతున్నట్టు ఒక వాసన వస్తుంది. బోర్డు దగ్గర సన్నగా చిటపట వినిపిస్తే లోపల నిప్పురవ్వ పుడుతోందని అర్థం. ఇంట్లోకి అడుగుపెట్టగానే టీవీ, ఫ్యాను ఆపమని చెప్పి బోర్డుల దగ్గర నిమిషం నిలబడి వినండి, వాసన చూడండి.

లెక్క

తెలుగు మీడియంలో చదివానని వెనకాడొద్దు. ఇళ్ల పనికి రోజూ కావాల్సింది భాగహారం. వాట్లను 230తో భాగిస్తే ఆంపియర్లు. 2,000 వాట్ల గీజరు 8.7 ఆంపియర్లు తీసుకుంటుంది.

వంటింటి ఉదాహరణ చూడండి. ఇండక్షన్ స్టవ్ 2,000, ఒవెన్ 1,200, మిక్సీ 750, మొత్తం 3,950 వాట్లు. అంటే 17 ఆంపియర్ల పైచిలుకు. అన్నీ ఒకే 16 ఆంపియర్ల ఎంసీబీ మీద ఉంటే వెంటనే పడిపోతుందనుకుంటారు. పడదు. తన రేటింగుకు 1.13 రెట్ల వరకు, అంటే 18 ఆంపియర్ల దాకా, ఎంసీబీ గంటసేపైనా పడకూడదన్నది ప్రమాణం. 1.45 రెట్లకు, అంటే 23 ఆంపియర్లకు కూడా అది పడటానికి గంట దాకా పట్టొచ్చు. ఈలోపు వేడిని మోసేది వైరే. అందుకే వంటింటికి రెండు లైన్లు విడిగా లాగండి. లైట్లకు, ఫ్యాన్లకు ఒకటిన్నర, ప్లగ్గులకు రెండున్నర, ఏసీకి, గీజరుకు నాలుగు స్క్వేర్ పెట్టుకుంటే ఇల్లు నిశ్చింతగా ఉంటుంది.

"ఎంసీబీ మాటిమాటికీ పడుతోంది, 32 వేసేయండి" అని ఇంటివాళ్లు అడుగుతారు. వైరు మార్చకుండా అది చేయకండి. పని పోయినా సరే. ఎంసీబీ కాపాడేది వైరును. దాన్ని పెంచితే వైరుకు కాపలా తీసేసినట్టే.

ముట్టుకునే ముందు మూడు సార్లు

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. ఎక్కువ సాధన దీనికే పెట్టండి.

పనిలో చేరిన ఐదో ఏడు. ఓ అపార్ట్‌మెంటులో ఫ్యాను రెగ్యులేటరు మార్చాలి. మెయిను ఎంసీబీ దించేశాను, ఫ్రిజ్ ఆగిపోయింది, సరే కరెంటు పోయింది కదా అనుకుని రెగ్యులేటరు విప్పి ఎర్ర వైరు పట్టుకున్నాను. ఆ ఇంటికి ఇన్వర్టరు ఉంది. మెయిను పోగానే అది అందుకుని లైట్లకు, ఫ్యాన్లకు కరెంటు ఇచ్చేసింది. పగలు కావడంతో లైట్లు వేసి లేవు, నాకు తెలియలేదు. చెయ్యి ముడుచుకుపోయింది, వదలడం నా చేతిలో లేదు. స్టూలు జారి కింద పడబట్టి వైరు చేతిలోంచి ఊడింది. మోచెయ్యి విరిగింది, రెండు నెలలు పనికి పోలేదు. తప్పు పూర్తిగా నాదే. టెస్టరు జేబులోనే ఉంది.

పది నుంచి ఇరవై మిల్లీ ఆంపియర్ల దగ్గరే చేతి కండరాలు బిగుసుకుపోయి మనం పట్టు వదల్లేం. ఇంట్లో పాత తరం చిన్న జీరో వాట్ బల్బు కూడా అంతకంటే ఎక్కువ కరెంటు తీసుకుంటుంది. అందుకని ప్రతిసారీ, లైటు హోల్డరు మార్చేటప్పుడు కూడా, ఇలా చేయండి.

మెయిను ఆపండి. ఇన్వర్టరు ఉందా, జనరేటరు ఉందా, మేడ మీద సోలారు ఉందా అని అడిగి వాటినీ విడిగా ఆపండి. ఎంసీబీ మీద టేపు అంటించి "పని జరుగుతోంది" అని రాయండి. పాత ఫ్యూజు బోర్డయితే ఫ్యూజు పీకి మీ జేబులో పెట్టుకోండి. ఇప్పుడు టెస్టరును ముందు కరెంటు ఉందని తెలిసిన పాయింటులో పెట్టి వెలుగుతోందని చూడండి. ఇల్లంతా ఆగిపోయి ఉంటే పక్కింటిదో మెట్ల దగ్గరిదో పాయింటు చూసుకోండి. తర్వాత మీరు పనిచేసే చోట ఫేజు, న్యూట్రల్ రెండిటిలోనూ పెట్టి చూడండి. మళ్లీ మొదటి పాయింటు దగ్గరికెళ్లి టెస్టరు ఇంకా వెలుగుతోందని చూసుకోండి. మధ్యలో టెస్టరే చెడిపోతే మనకు తెలియదు కదా. ఎండలో నియాన్ టెస్టరు వెలుగు సరిగ్గా కనపడదు. చెక్క నిచ్చెన మీద, మందపాటి చెప్పులతో ఉంటే అది మసగ్గా వెలగొచ్చు. బయట పనుల్లో మల్టీమీటరు గానీ టెస్ట్ ల్యాంపు గానీ వాడండి.

ఇంట్లో సాధన చేయాలంటే, కరెంటు లేని విడి బోర్డు ఒకటి గోడకు తగిలించి, దాని మీద చెయ్యి వేసే ప్రతిసారీ ఈ వరసంతా చేయండి. పిచ్చిగా అనిపిస్తుంది. మూడు నెలలయ్యాక టెస్టరు పెట్టకుండా చెయ్యి దానంతట అదే ముందుకు పోదు.

ఎవరికైనా షాకు కొడితే ముందు ముట్టుకోకుండా మెయిను ఆపాలి. అది అందకపోతే పొడి చెక్కతో వైరును పక్కకు నెట్టాలి. ఊపిరి లేకపోతే 108కి ఫోను చేయించి, రొమ్ము మధ్యలో రెండు అరచేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఐదారు సెంటీమీటర్ల లోతు దిగేలా నొక్కుతూ, అంబులెన్సు వచ్చేదాకా ఆపకూడదు. దీన్ని చదివి వదిలేయకండి. ఐటీఐలో బొమ్మ మీద నేర్పే రోజు సెలవు పెట్టకుండా వెళ్లి నేర్చుకోండి.

మాట

పని మొదలుపెట్టే ముందు ఇంటావిడను "అమ్మా, అరగంట కరెంటు తీస్తున్నాను, లోపల ఎవరైనా లిఫ్టులో గానీ, వైద్యం మెషీను మీద గానీ ఉన్నారా?" అని అడగడం కూడా నైపుణ్యమే. మేస్త్రీతో, ప్లంబరుతో ముందే మాట్లాడుకుంటే మీరు కొట్టిన గాడిలో నీళ్ల పైపు వచ్చి కూర్చోదు. ఆర్‌సీసీబీ పెట్టించమని చెప్పేటప్పుడు ధర దగ్గర ఇంటివాళ్లు వెనకాడతారు. 30 మిల్లీ ఆంపియర్లు లీకైతే రెప్పపాటులో ఆపేస్తుందని, పిల్లలున్న ఇంట్లో అది తప్పనిసరని ఓపిగ్గా చెప్పండి. ఒప్పుకునేదాకా రెండోసారి, మూడోసారి కూడా చెప్పండి.

కాగితాలు

ఐటీఐ ఎలక్ట్రీషియన్ ట్రేడు రెండేళ్లు, పదో తరగతి పాసై ఉండాలి. అయ్యాక అప్రెంటిస్‌షిప్ చేయండి. ఇళ్ల పనులు సొంతంగా చేయాలంటే రాష్ట్ర ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు ఇచ్చే వైర్‌మన్ పర్మిట్ తీసుకోండి. అది లేకుండా ఏళ్ల తరబడి చేసేవాళ్లున్నారు, ప్రమాదం జరిగిన రోజు వాళ్ల వైపు నిలబడే కాగితం ఉండదు.

గల్ఫ్‌కు వెళ్లేవాళ్లు తెలంగాణలో అయితే విదేశీ ఉద్యోగాలు చూసే ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ దగ్గర ముందు వాకబు చేయండి. అక్కడ ట్రేడ్ టెస్టు, మెడికల్ రెండూ ఉంటాయి, మెడికల్‌లో చూపు చూస్తారు. పని కూడా కొంచెం మారుతుంది. దుబాయిలో ప్లగ్గులు మూడు పలక పిన్నులవి, 13 ఆంపియర్లు, ప్రతి ప్లగ్గులోనూ ఫ్యూజు ఉంటుంది. సౌదీలో ఫ్రీక్వెన్సీ మనలా 50 కాదు, 60 హెర్ట్జ్. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పనిచేయించకూడదన్న నియమం ఉంది. ఆ వేళలో స్లాబు ఎక్కమంటే వద్దనే హక్కు మీకుందని తెలుసుకుని విమానం ఎక్కండి.